బాణాల బుట్ట

తుర్కు, జూన్ 27

పెద్దమ్మా,

మధ్యవేసవి పండగనాడు నీ ఇంట్లో ఒక అన్యాయం జరిగింది. చేసినవాణ్ణి నేనే.

నువ్వూ అమ్మా సరస్సు గట్టున పండగ మంట చూడ్డానికి వెళ్తుంటే, తలనొప్పిగా ఉందని నేను ఇంట్లో ఉండిపోయాను. నాకే నొప్పీ లేదు. మీరు అటు వెళ్ళగానే నీ కంప్యూటర్ తెరిచి, అందులో ఉన్న పాత వ్యవస్థ మొత్తాన్ని తుడిచేసి, ఏ కంపెనీ సొత్తూ కాని స్వేచ్ఛా వ్యవస్థను ఎక్కించాను. నిన్ను అడగలేదు. అడిగితే "ముట్టుకున్నావంటే చేతులు విరుస్తా" అంటావని తెలుసు కాబట్టే అడగలేదు. ఇక్కడికి వచ్చి వారమైంది, అదే నన్ను పొడుస్తోంది. ప్రజల యంత్రాలు ప్రజల చేతుల్లో ఉండాలని తుర్కు వీధుల్లో కరపత్రాలు పంచేవాణ్ణి, నీ యంత్రాన్ని నీ చేతిలోంచి దొంగలా లాక్కున్నాను.

ఎందుకు చేశానో కూడా విను. ఆరేళ్ళుగా ఒక్కరోజు మొరాయించని యంత్రం అది. దాని లోపలి వ్యవస్థ అమ్మినవాడు మాత్రం "ఇకమీదట దీని మంచిచెడ్డలు మేం చూడం, కొత్తది కొనుక్కోండి" అని నీ స్క్రీన్ మీదే నోటీసు అంటించాడు. నీ వంటింట్లోకి వచ్చి నీ కుండ పగలగొట్టి కొత్త కుండ అమ్మడం లాంటిది ఇది! మా సైకిల్ మరమ్మతు సంఘంలో చదివిన కరపత్రంలో ఒక వాక్యం ఉంది: "పనిచేసే వస్తువును పారేయమన్నవాడు నీ శ్రమనే పారేయమంటున్నాడు." ఆ నోటీసు చూసేసరికి నా ఒళ్ళు మండిపోయింది. మిగతాదంతా ఆ మంటలో చేసిందే.

భయపడకు. నీ ఉత్తరాలు, ఫోటోలు అన్నీ ముందు కాపీ తీసి, తరవాత తిరిగి పెట్టాను. ఒక్క కాగితం కూడా పోలేదు. ఏది మొరాయించినా మొదట పూర్తిగా ఆపు, ముప్పై లెక్కపెట్టు, మళ్ళీ వెయ్యి. పదింట్లో ఎనిమిది రోగాలు దానితోనే పోతాయి. పాస్‌వర్డ్ కాగితం స్క్రీన్‌కి అంటించి పెట్టావు, తీసి పిండి డబ్బాలో దాచు. ఇంకొకటి, ఇది ముఖ్యం: ఎవడైనా ఫోను చేసి "మీ కంప్యూటర్‌లో ఏదో తేడా ఉంది" అన్నాడంటే వాడు దొంగే. మాట పూర్తికాకుండానే పెట్టేయ్.

ఫోనులో నీకు సగం వినపడదు, నేను ఫోను వదిలేసి ఏడాదయింది. కాబట్టి మనిద్దరికీ ఉత్తరాలే. తిట్టదలుచుకుంటే తిట్టు.

నీ ఆర్తు


కూసిలహ్తి, జూలై 6

ఒరేయ్ ఆర్తూ,

నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. మొదటిసారి కోపంతో, రెండోసారి కళ్ళద్దాలతో.

చేతులు విరుస్తానని నేనెందుకంటాను? కాళ్ళు విరిచేదాన్ని. చేతులతో నువ్వు సైకిళ్ళు బాగుచేసుకుని బతకాలి కదా. సరే, చేసింది చేశావు, చెప్పుకున్నావు. దాచనందుకు సంతోషం. మీ అమ్మ చిన్నప్పుడు నా పాల గిన్నె పగలగొట్టి ఇప్పటికీ ఒప్పుకోలేదు.

మంగళవారం ప్రింటర్ మూగబోయింది. ఊరి సంఘం కార్యదర్శిని కదా, కొట్టు ముందు బల్లకి అంటించే నోటీసులు అందులోనే తీయాలి. నువ్వు ఆపమన్నావు. ప్లగ్గు చూస్తే పెద్ద బీరువా వెనక ఉంది, దాన్ని నలుగురు మొయ్యాలి. అందుకని ఇంటి మెయిను దగ్గరికి పోయి అన్ని మీటలూ దించేశాను. ముప్పై లెక్కపెట్టాను. మళ్ళీ ఎత్తాను. ప్రింటర్ పలికింది! కానీ నేలమాళిగలో ఫ్రీజరుకి ఒక మీట వేరే ఉందని, దాన్ని ఎత్తనేలేదని గురువారం దాకా గుర్తు రాలేదు. చలికాలంలో మంచుకి చిల్లుపెట్టి పట్టిన చేపలన్నీ కరిగి కూర్చున్నాయి. అన్నీ వండి వీధిలోవాళ్ళకి పెట్టాను. పక్కింటి రెయినో మూడు పళ్ళేలు లాగించి, "సైమా, మీ తుర్కు కుర్రాడు ఇంకా ఏమేం ఆపమన్నాడో ముందే చెప్పు, ఆకలి పెంచుకుని వస్తా" అన్నాడు.

ఇంకొకటి. నేను బఠాణీలు వలిచి వచ్చేసరికి స్క్రీన్ నల్లగా చచ్చి ఉంటోంది. రోజుకి ఆరుసార్లు చస్తోంది. అక్షరాలు కూడా ఆవగింజల్లా ఉన్నాయి.

ఊరి పుస్తకం పని నీకు తెలుసుగా? ఆరేళ్ళుగా ముప్పై ఎనిమిదిమంది పెద్దవాళ్ళ పక్కన కూర్చుని, వాళ్ళు చెప్పింది చెప్పినట్టు టైపు చేశాను. మనిషికొక పేజీ. పేజీ కాగానే అచ్చుతీసి వాళ్ళ చేతికే ఇచ్చి, చదివి, తప్పులు దిద్ది, సంతకం పెట్టి దగ్గరుంచుకోమనేదాన్ని. లేకపోతే రేపు "నేనలా అనలేదు" అని పోట్లాటకొస్తారు, మన ఊళ్ళోవాళ్ళు తెలియనివాళ్ళా. ఆగస్టు మొదటివారానికి మొత్తం పట్నంలో అచ్చాఫీసుకి పంపాలి. కంప్యూటర్‌లో ఆ పేజీలు నాకు కనపడ్డంలేదు. భద్రంగా పెట్టానన్నావుగా, ఎక్కడ పెట్టావో చెప్పు. తొందరేం లేదు.

కొత్త బంగాళాదుంపలు వచ్చాయి. నువ్వుంటే వెన్నా, సోంపాకూ వేసి పెట్టేదాన్ని.

సైమా పెద్దమ్మ


తుర్కు, జూలై 11

పెద్దమ్మా,

చేపల సంగతి చదివి సంఘంలో అందరికీ వినిపించాను. మా వాళ్ళు నీకు వందనాలు చెప్పమన్నారు. తప్పు నీది కాదు. "ప్రింటర్ వెనక ఉన్న మీట నొక్కు" అని రాయకుండా "పూర్తిగా ఆపు" అని రాసినవాడిది. చెప్పేవాడికి తెలిసినదంతా వినేవాళ్ళకీ తెలుసనుకోవడమే ఈ యంత్రాలవాళ్ళ పొగరు. అది నాకూ అంటుకుంది.

స్క్రీన్ చావడంలేదు, నిద్రపోతోంది. కింద ఉండే పొడుగు మీటని ఒకసారి తట్టు, లేస్తుంది. అక్షరాలు పెద్దవి కావాలంటే, ఎడమచేత్తో అడుగున మూలన ఉన్న మీట నొక్కిపట్టి, కుడిచేత్తో కూడిక గుర్తు కొట్టు. కొట్టినకొద్దీ పెరుగుతాయి. గోడంత అయ్యాక ఆపు.

నీ పేజీలు ఎక్కడికీ పోవు. డాక్యుమెంట్లని ఒక ఫోల్డర్ ఉంటుంది, అందులో చూడు. లేదంటే పైన భూతద్దం గుర్తు నొక్కి, పుస్తకం పేరో, మనిషి పేరో కొట్టు. యంత్రం నీకు పనివాడు, నువ్వు దానికి కాదు. వెతకడం దాని పని.

పుస్తకం మాట విన్నాక నాకు ఎంత గర్వంగా ఉందో! రాజుల చరిత్ర, కంపెనీల చరిత్ర చాలానే అచ్చయింది. పడవలు నడిపినవాళ్ళు, పాలు పితికినవాళ్ళు చెప్పింది చెప్పినట్టు అచ్చవడమే అసలు చరిత్ర. విడుదలనాడు నేనే వచ్చి ఇంటింటికీ పంచుతాను.

ఆర్తు


కూసిలహ్తి, జూలై 25

ఆర్తూ నాయనా,

నువ్వు చెప్పినట్టే వెతికాను. పుస్తకం పేరు కొట్టాను, లేదంది. "కెర్తు" అని కొట్టాను, లేదంది. కెర్తు మార్చిలో పోయింది నిజమే కానీ, అలా మొహం మీద కొట్టినట్టు చెప్పాలా?

కెర్తు గుర్తుందా, రేవు దగ్గర పచ్చ తలుపుల ఇంటావిడ. ఆమె పేజీ ఒక్కటే అచ్చు తీయలేకపోయాను. నేను టైపు చేసిన వారానికే పోయింది. ఆ పేజీలో రెయినో పుట్టిన రోజు సంగతి ఉంది. "నేను పోయాక పుస్తకంలో చదువుకోమను, నా ఎదుట నన్ను మెచ్చుకోవడం నాకొద్దు" అని నా చేత ఒట్టు వేయించుకుంది. రెయినోకి ఏదో ఉందని మాత్రం తెలుసు. ఆవిరిస్నానానికి మా ఇంటి సౌనా వేడిచేసుకోడానికి వచ్చినప్పుడల్లా అడుగుతాడు. "సైమా, ఒక్క ముక్క చెప్పు." "చెప్పను, ఒట్టు." "సగం ముక్క?" "ముందు నీ పొయ్యి బాగుచేయించుకో, నా కట్టెలు తగలేస్తున్నావు."

ఇక నువ్వు చూడమన్న డాక్యుమెంట్లలో నేనెప్పుడూ ఏమీ పెట్టలేదురా. స్క్రీన్ మీద మూలన బుట్ట ఒకటి ఉండేది కదా, గుండ్రంగా తిరిగే బాణాలతో. కొట్టు వెనక ఖాళీ సీసాలు తిరిగిచ్చే పెట్టె మీద అదే గుర్తు. మళ్ళీ వాడుకునేవి పెట్టే చోటని చూడగానే తెలుస్తోంది. ఆ రోజు పని అవగానే పేజీని అందులో వేసేదాన్ని, మర్నాడు బయటికి తీసి దిద్దుకునేదాన్ని. ఆరేళ్ళలో ఒక్కటీ పోలేదు. ఇప్పుడు బుట్ట ఉంది కానీ ఖాళీ, బాణాలు కూడా లేవు. పాత బుట్టని ఎక్కడికి మార్చావు?

అన్నట్టు, రెయినో తన కంప్యూటర్ మీద కాఫీ ఒలకబోసుకున్నాడు. నిండు కప్పు, పాలతో సహా. పాపం చాలా బెంగపడుతున్నాడు. ఏం చెయ్యాలో వెంటనే రాయి.

పెద్దమ్మ


తుర్కు, జూలై 29

పెద్దమ్మా,

నీ ఉత్తరం నిన్న అందింది.

ముందు రెయినో సంగతి. వెంటనే ఆపేయమను. ప్లగ్గు తీసేయమను. తెరిచి, గుడారంలా బోర్లా పెట్టి, కారేదంతా కారనివ్వాలి. తడిగుడ్డతో పైపైన తుడవాలి. తరవాత రెండుమూడు రోజులు పొడిగా, వెచ్చగా ఉండేచోట ఉంచి, అంతవరకూ మీట ముట్టకూడదు. తొందరపడి వేసి చూడ్డం వల్లే ఎక్కువ యంత్రాలు పోతాయి.

బుట్ట సంగతి చూసి చెబుతాను. కొన్ని విషయాలు కనుక్కోవాలి.

ఈసారి కరపత్రాల మాటలేమీ లేవు. దుకాణంలో పని ఎక్కువగా ఉంది.

ఆర్తు


కూసిలహ్తి, ఆగస్టు 10

ఆర్తూ,

ఉత్తరం మరీ చిన్నగా రాశావు. ఒంట్లో బాగుందా?

రెయినో నువ్వు చెప్పినట్టే చేశాడు. పొడిగా వెచ్చగా ఉండేచోటంటే మనకి ఇంకెక్కడుంది, సౌనా తప్ప? బుధవారం స్నానాలయ్యాక మిగిలిన వేడిలో పుట్టగొడుగులు ఆరతాయి, ఉల్లిపాయలు ఆరతాయి, రగ్గులు ఆరతాయి. కంప్యూటర్‌ని పై బల్ల మీద, దుమ్ము పడకుండా తువ్వాలు కప్పి ఆరబెట్టాడు. అంతవరకూ బాగానే ఉంది. శనివారం ఇంకొకరు వచ్చి, చూసుకోకుండా పొయ్యి వెలిగించారు. గంటన్నర మండింది. నీళ్ళు చల్లాక ఆవిరి కూడా పట్టింది. తువ్వాలు తీస్తే మీటలన్నీ అప్పడాల్లా వంకర్లు తిరిగి ఉన్నాయి, మూత తెరుచుకోలేదు.

ఇప్పుడు అడుగుతున్నాను, రెయినో కోసమే. దానిలో దాచుకున్నవి ఇంకా ఉంటాయా? లేక అవి కూడా కాలిపోయినట్టేనా? నిజం చెప్పు, మెత్తగా చెప్పనక్కర్లేదు.

నిన్న ఎవడో ఫోను చేశాడు. "మీ కంప్యూటర్ నుంచి రావాల్సిన పేజీలు ఇంకా రాలేదమ్మా, ఏదైనా ఇబ్బందా?" అన్నాడు. నువ్వు చెప్పింది గుర్తొచ్చి, "ముసలిదాన్ని దోచుకోవడానికి సిగ్గులేదూ!" అని అరిచి పెట్టేశాను. తరవాత ఆలోచిస్తే గొంతు అచ్చాఫీసు ఆయనదిలాగే ఉంది. ఆయనే. మళ్ళీ చేసి క్షమించమని అడగాలంటే పేజీల సంగతి చెప్పాలి. చెయ్యలేదు.

బుట్ట గురించి ఏమైనా తెలిసిందా? తెలియకపోయినా పరవాలేదు. ఇప్పుడింకేం పరవాలేదు.

సైమా


తుర్కు, ఆగస్టు 14

పెద్దమ్మా,

అంత వేడికి లోపల దాచుకున్నవి కూడా పోయే ఉంటాయి. రెయినోకి చెప్పు. అది ఎవరి తప్పూ కాదు. ఇలాంటివి జరుగుతుంటాయి.

బుట్ట గురించి ప్రత్యేకంగా చెప్పేదేమీ లేదు.

ఆరోగ్యం జాగ్రత్త.

ఆర్తు


కూసిలహ్తి, ఆగస్టు 24

ఆర్తూ,

నీకు అబద్ధం చెప్పాను. రెయినోకి కంప్యూటర్ లేదు. ఈ ముసలితనంలో నీ ముందు తెలివితక్కువదాన్ని కాకూడదని అతని పేరు పెట్టాను. కాఫీ ఒలకబోసింది నేను. సౌనాలో పెట్టింది నేను. పుస్తకం పోయింది నా చేతులమీదుగానే.

పొయ్యి వెలిగించింది మాత్రం రెయినోనే, శనివారం ఎప్పటిలాగే వచ్చాడు. నేను బ్లూబెర్రీలు ఏరడానికి అడవిలో ఉన్నాను. తువ్వాలు కింద ఉన్నదేమిటో తెలియక పక్కనే కూర్చుని, రెండుసార్లు దానికి తగిలి "కొంచెం జరుగు" అన్నాడట. అది చెప్పి నవ్వాడు. తరవాత నా మొహం చూసి నవ్వు ఆపేశాడు. అప్పట్నుంచి రోజూ పొద్దున్నే ఒక బండెడు కట్టెలు తెచ్చి పడేస్తున్నాడు. "ఎందుకురా ఇన్ని?" అంటే ఇంకో బండికి వెళ్తాడు. నా పడవకి తారు పూశాడు. కెర్తు పేజీ గురించి ఇక అడగడంలేదు. తన పుట్టుక కథని తనే కాల్చేశాననుకుంటున్నాడు.

నిన్న సంఘానికి రాజీనామా రాసిచ్చాను. కారణం ఒంట్లో బాగాలేదని రాశాను. బుధవారం కాఫీలకి వెళ్ళడంలేదు. కొట్టులో ఎల్వి కూతురు ఎదురైతే, బిస్కెట్ల వరుస చాటుకి పోయి నిలబడ్డాను. వాళ్ళమ్మ పోయి ఏడాదైంది, "పుస్తకం ఎప్పుడొస్తుంది సైమక్కా, అమ్మ మాటలు చదువుకోవాలని ఉంది" అని అడుగుతుంది ఆ పిల్ల. ఏం చెప్పను?

ఇళ్ళల్లో పేజీలున్నాయి, తెలుసు. అడగాలంటే ముందు జరిగింది చెప్పాలి. ఆరేళ్ళు నన్ను నమ్మి కడుపులోవి చెప్పుకున్నవాళ్ళ ముందు నిలబడి, "కాఫీ పోసి, ఆవిరిపట్టి వండేశాను" అని చెప్పడానికి నాకు నోరు రాదు. కెర్తు పేజీ ఎలాగూ ఎవరి దగ్గరా లేదు.

నీ కంప్యూటర్ పాఠాలన్నీ వృథా చేశాను. క్షమించు.

పెద్దమ్మ


తుర్కు, ఆగస్టు 28

పెద్దమ్మా,

ఈ ఉత్తరం నిలబడి చదవకు. కూర్చో.

నీ పుస్తకాన్ని కాఫీ చంపలేదు. సౌనా చంపలేదు. రెయినో చంపలేదు. కాఫీ ఒలికేనాటికి అది పోయి నెల దాటింది. మధ్యవేసవి పండగనాడు నేను చంపాను.

నీ కంప్యూటర్‌లో ఆ బుట్ట చెత్తబుట్ట. పారేయాల్సినవి వేసేది. నీకు ఎవరూ చెప్పలేదు, బొమ్మ చూస్తే నీ అర్థమే సరైనదనిపిస్తుంది. ఆ రోజు దాన్ని చూశాను. మూడువందల పైచిలుకు కాగితాలున్నాయి. నవ్వాను పెద్దమ్మా. "ఆరేళ్ళుగా చెత్త పారబోయలేదు మా పెద్దమ్మ" అని ఒంటరిగా కూర్చుని నవ్వాను. ఒక్కదాన్ని తెరిచి చూడ్డానికి అర నిమిషం పట్టేది. తెరవలేదు. నాకు తొందర. మీరు మంట దగ్గర్నుంచి వచ్చేలోగా ప్రపంచాన్ని మార్చేయాలి. మిగతావన్నీ కాపీ తీసి, దాన్ని వదిలేసి, మొత్తం తుడిచేశాను. మా సంఘంలో బాగా పని తెలిసినామెని అడిగాను. పాతదాని మీద కొత్తది రాశాక ఇక తిరిగిరాదంది.

జూలై ఆఖర్న బాణాల బుట్ట గురించి నువ్వు రాసిన రోజే నాకంతా తెలిసింది. దుకాణంలో సైకిల్ చక్రం చేతిలో ఉండగా చదివాను. చక్రం వదిలేస్తే అది వీధి దాకా దొర్లిపోయింది. ఆ రోజే రాయాల్సింది. "కనుక్కోవాలి" అని రాశాను.

అంతకన్నా నీచమైనది ఇంకొకటుంది. సౌనా ఉత్తరం చదవగానే అది రెయినోది కాదని, నీదేనని అర్థమైంది. చదివి ఏమనుకున్నానో తెలుసా? హమ్మయ్య అనుకున్నాను. నువ్వు నిన్నే నిందించుకుంటున్నావు, ఇక నన్నెవరూ అడగరు. అందుకే "ఎవరి తప్పూ కాదు" అని రాశాను. తప్పు చేసినవాడే ఎవరి తప్పూ కాదంటాడు. కంపెనీలవాళ్ళు అలా అంటారని నేనే కరపత్రం రాశాను, వెయ్యి కాపీలు పంచాను.

నువ్వు రాజీనామా ఇచ్చావు. బిస్కెట్ల చాటున దాక్కున్నావు. రెయినో కట్టెలు మోస్తున్నాడు. ఆ కట్టెలన్నీ నా మీద పేర్చాలి.

ఏం చేయమంటే అది చేస్తాను. రావద్దంటే రాను.

ఆర్తు


కూసిలహ్తి, సెప్టెంబరు 3

ఆర్తూ,

నీ ఉత్తరం వచ్చి మూడు రోజులైంది. మొదటిరోజు నీకు జవాబు రాసి పొయ్యిలో పడేశాను. అందులో మాటలు పోస్టులో వెళ్ళదగ్గవి కావు. రెండోరోజు పెరటి గోడ వెంట రాళ్ళు సర్దాను. ఈరోజు రాస్తున్నాను.

బుట్ట ఖాళీ చేసినందుకు నాకు కోపం లేదు. గుర్తు తప్పుగా చదివాను, నువ్వు చూడకుండా పారబోశావు, ఇద్దరం సరిపోయాం. కానీ నెలరోజులు నన్ను దొంగలా తిప్పావే! మా ఊళ్ళో నేనే దాక్కుని నడిచాను. నీ దగ్గర ఒక్క ముక్క ఉంది, రాయలేదు. అది మరిచిపోను. మరిచిపోయానని ఎప్పుడైనా అంటే నమ్మకు.

నిన్న రెయినో ఇంటికెళ్ళి నీ ఉత్తరం చదివి వినిపించాను. తరవాత, "అయితే నేను మోసిన కట్టెలు?" అన్నాడు. "నావే, తిరిగివ్వను" అన్నాను. "కుర్రాడు వస్తాడా?" అన్నాడు. "వచ్చి ఏం చేస్తాడు?" అన్నాను. "నా కట్టెలు చీలుస్తాడు" అన్నాడు. అప్పుడు ఇద్దరం నవ్వాం, ఆగస్టు మొదట్నుంచి ఇదే మొదటిసారి.

ఇప్పుడు విను. తప్పు ఎవరిదో తెలిశాక నాకు నోరొచ్చింది. అచ్చాఫీసు ఆయనకి ఫోను చేశాను. నేను దొంగ అన్నందుకు ఆయన పడీపడీ నవ్వి, నెలాఖరు దాకా ఆగుతానన్నాడు. రాజీనామా కాగితం వెనక్కి తీసుకున్నాను. ముప్పై ఏడు పేజీలు ముప్పై ఏడు ఇళ్ళల్లో ఉన్నాయి, సొరుగుల్లో, బైబిళ్ళలో, గోడగడియారాల వెనక. పైకప్పు వేసుకున్నా, రేవు బల్ల కట్టుకున్నా మన ఊళ్ళో తల్కోత్ పెట్టి అందరం కలిసే చేశాం. ఇదీ అలాగే చేద్దాం. మీ సంఘంలో టైపు చేయగలవాళ్ళని యంత్రాలతో సహా తీసుకురా. పన్నెండు గంటలకి నేను అందరికీ బఠాణీ చారు పెడతాను.

కెర్తు పేజీ నాకు మాటమాటా గుర్తులేదు. గుర్తున్నంతవరకూ అందరి ముందూ నేనే నోటితో చెబుతాను, ఎవరైనా రాసుకోండి. ఆమె బతికిలేదు, పుస్తకంలోది పుస్తకంలోకే పోతోంది, ఒట్టు తప్పినట్టు కాదు. నోటీసుకి కావాల్సినంత ముక్క వేరే కాగితం మీద రాసి ఇందులో పెట్టాను. రెయినోని ముందు వరుసలో కూర్చోబెట్టు. అతను ఏడుస్తాడు, చూడనట్టు ఉండు.

నోటీసు నువ్వే రాయి. కరపత్రాలు రాయడం నీకు సరదా కదా. పేరు దాచకు. ప్రింటర్ నేను ఆపను, నువ్వే అచ్చుతీసి పంపు, నేను కొట్టు ముందు బల్లకి అంటిస్తాను.

సైమా పెద్దమ్మ


తుర్కు, సెప్టెంబరు 6

పెద్దమ్మా, నోటీసు ఇదిగో. ఆరుగురం వస్తున్నాం. కోపంగా కరపత్రాలు వంద రాశాను, ఒక్కటీ తిరగరాయలేదు. దీన్ని నాలుగుసార్లు తిరగరాశాను. – ఆర్తు

కూసిలహ్తి ఊరివారికి

మీ ఊరి పుస్తకాన్ని చెరిపేసినవాడు ఆర్తు, సైమా చెల్లెలి కొడుకు, తుర్కులో సైకిళ్ళు బాగుచేసేవాడు. సైమా కాదు. రెయినో కాదు. సౌనా కాదు. జూన్‌లో అడగకుండా ఆమె కంప్యూటర్ తుడిచేశాను, చూడకుండా ఆమె ఆరేళ్ళ పని పారబోశాను, తెలిశాక నెలరోజులు నోరు మూసుకున్నాను.

సైమా మీకిచ్చిన పేజీ మీ ఇంట్లోనే ఉంది. వెతకండి. మరకలున్నా, చిరిగినా, వెనక సరుకుల పట్టీ రాసుకున్నా పరవాలేదు. పోయినవాళ్ళ పేజీలు వాళ్ళ పిల్లలు తేవాలి. ఎల్వి కూతురు తప్పక రావాలి. మీ కాగితం మీ చేతిలోనే ఉంటుంది, మీ పక్కన కూర్చునే టైపు చేస్తాం. చేసిన ప్రతి పేజీకి మూడు కాపీలు తీసి మూడు ఇళ్ళల్లో పెడతాం. మీ కంప్యూటర్‌లు మొరాయిస్తుంటే అవి కూడా తెండి. ఆ రోజు మాత్రం మిమ్మల్ని అడగకుండా ఒక్క మీటా నొక్కం.

పచ్చ తలుపుల ఇంటి కెర్తు పేజీ ఎవరి దగ్గరా లేదు. సైమా చెబుతుంది. రెయినో ముందు వరుసలో కూర్చుంటాడు. 1961 నవంబరులో, రెయినో పుట్టిన రోజు పొద్దున్నే, పల్చటి మంచు మీద పడవని తోసుకుంటూ, తనతో మాటల్లేని పొరుగింటికి మంత్రసానిని తెచ్చిందెవరో మీలో ఎవరైనా విని ఉంటే, వచ్చి మీ ముక్క కూడా చెప్పండి.

ఊరి హాలులో, సెప్టెంబరు 13, శనివారం, పగలు పన్నెండు గంటలకి. చారూ కాఫీ సైమావి. అవి పోసేముందు నేను లేచి నిలబడి పై మాటలు నా నోటితో చెబుతాను. నన్ను తిట్టాలనుకునేవాళ్ళు పదకొండున్నరకే రండి, గుమ్మం దగ్గర ఉంటాను.